మీ కాలనీ పక్కన వందల ఫ్లాట్ల ప్రాజెక్టు వస్తోందా? రోడ్డు, బస్సు, కాలినడక గురించి అభ్యంతరం ఎలా రాయాలి

"అన్నా, మా వెనకాల ఎనిమిదెకరాల్లో టవర్లు లేస్తున్నాయంట. ఇప్పుడే మెయిన్ రోడ్డెక్కడానికి అరగంట పడుతోంది. ఏం చేయాలి?"

ఈ ప్రశ్న నాకు హైదరాబాద్ శివార్లలోని నల్లగండ్ల నుంచి వచ్చింది, బాచుపల్లి నుంచి వచ్చింది, పుప్పాలగూడ నుంచి రెండుసార్లు వచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. మా కాలనీ కోసం ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి "ట్రాఫిక్ విపరీతంగా పెరిగి ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడతారు" అని ఒక పేజీ రాసి, 140 సంతకాలు పెట్టించి ఇచ్చాం. జవాబే రాలేదు. రెండో ప్రాజెక్టు వచ్చినప్పుడు పదకొండు పేజీలు ఇచ్చాం, అందులో తొమ్మిది పేజీల నిండా మేం స్వయంగా లెక్కపెట్టిన అంకెలే. ఈసారి పిలిచి మాట్లాడారు. గేటు స్థానం మారింది, ముందు భాగంలో బస్సు ఆగడానికి స్థలం వదిలారు.

ఒక మాట ముందే చెప్తాను. ఇళ్లు కట్టొద్దని రాయకండి. ఆ ఫ్లాట్లలోకి వచ్చేది కూడా మనలాగే ఈఎంఐలు కట్టుకునే కుటుంబాలే. కారు తీయకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని చోట వాళ్లను దింపడం వాళ్లకూ అన్యాయమే. మనం అడగాల్సింది దాని గురించి.

ఏమేం కావాలి

ప్రాజెక్టు స్థలం ఉన్న గ్రామం పేరు, సర్వే నంబరు. హార్డ్‌వేర్ షాపులో దొరికే 50 మీటర్ల టేపు. తేదీ, సమయం, లొకేషన్ ఫొటో మీదే పడే కెమెరా యాప్. గీతల నోటుబుక్కు. రెండు మూడు ఉదయాలు ఇవ్వగలిగిన నలుగురైదుగురు. ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) కోసం 10 రూపాయల పోస్టల్ ఆర్డరు. ఇవి కాక, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడో, స్కూలు బ్యాగు మోసే పాపో ఒకరు మీతో నడవాలి. ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను.

ఇంజినీరు, లాయరు ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

1. సర్వే నంబరు పట్టుకోండి

బ్రోషర్ మీద ఉండే పేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. దరఖాస్తు వేరే ఎల్‌ఎల్‌పీ (ఒక రకం కంపెనీ) పేరుతోనో, భూమి యజమానుల పేరుతోనో ఉంటుంది. అందుకే గ్రామం, సర్వే నంబరు ముఖ్యం. సైట్ దగ్గర బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి. లేకపోతే తెలంగాణ రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో మీ జిల్లా, మండలం పెట్టి చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, 8 ఫ్లాట్లు మించినా, అమ్మకానికి పెట్టే ముందు రెరాలో నమోదు తప్పనిసరి. అక్కడ సర్వే నంబర్లు, ఫ్లాట్ల సంఖ్య, ఆమోదించిన ప్లాను దొరుకుతాయి.

జాగ్రత్త: రెరా దాకా వచ్చిందంటే భవన అనుమతి అప్పటికే వచ్చేసిందని అర్థం. అనుమతికి ముందే కదలాలంటే రేకులతో కంచె కట్టిన రోజే మొదలుపెట్టండి. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం పెద్ద భవనాల దరఖాస్తును 21 రోజుల్లో తేల్చాలని చెప్పింది. మనకు ఆలోచించుకునే టైం ఉండదు.

2. ఫైలు తెప్పించుకోండి

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. టవర్లున్న ప్రాజెక్టు ఏదైనా దాదాపు ఈ పరిధిలోకి వస్తుంది. ఆ దరఖాస్తు కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లో ఉంటుంది. ఫారం-1, ఫారం-1ఏ, కాన్సెప్చువల్ ప్లాన్, ట్రాఫిక్ నివేదిక, అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పరిశీలించే నిపుణుల కమిటీ సమావేశాల అజెండాలు, మినిట్స్ కూడా అక్కడే చూడొచ్చు.

దొరకని కాగితాలకు ఆర్టీఐ వేయండి. "ట్రాఫిక్ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలో ప్రతిపాదించిన నివాస సముదాయానికి సమర్పించిన సైట్ ప్లాన్, ట్రాఫిక్ అధ్యయనం, అప్రోచ్ రోడ్డు వెడల్పు ధ్రువీకరించిన తనిఖీ నివేదిక నకళ్లు ఇవ్వండి" అని రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. మేం ఒకసారి ఆ గడువు మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. "పబ్లిక్ హియరింగ్ పెడతారు కదా, అక్కడ మాట్లాడదాం" అని ఎదురుచూస్తారు. పెట్టరు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ ఇళ్ల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. మీరే వెళ్లి ఇస్తే తప్ప మీ మాట ఆ ఫైల్లోకి చేరదు.

3. రోడ్డు కొలవండి

మన నగరంలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. 2006 నాటి జీవో 86 తర్వాత హైదరాబాద్‌లో ఎంత స్థలానికి ఎంత కట్టాలన్న ఎఫ్ఎస్ఐ పరిమితి లేకుండా పోయింది. భవనం ఎంత ఎత్తు లేవొచ్చో ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలమే తేలుస్తాయి. 2012 నాటి జీవో 168 భవన నియమాల్లో ఎత్తు పెరిగేకొద్దీ అప్రోచ్ రోడ్డు వెడల్పు కూడా పెరగాలని పట్టికే ఉంది. రోడ్డు 100 అడుగులని కాగితం మీద పడితే టవర్ 100 అడుగుల లెక్కనే లేస్తుంది.

నేల మీద సంగతి వేరు. మాస్టర్ ప్లాన్‌లో 100 అడుగులుగా గీసిన రోడ్డు ఇప్పటికి 35 అడుగులే ఉండొచ్చు. బిల్డరు తన స్థలం ముందున్న భాగాన్ని విస్తరణకు వదులుతాడు. అక్కడ మాత్రం వెడల్పవుతుంది. దానికి అటూ ఇటూ పాత ఇళ్లు, గుడి ప్రహరీ, ట్రాన్స్‌ఫార్మరు, నాలా మీద కల్వర్టు అలాగే ఉంటాయి. నీళ్లు ఎంత వేగంగా పారుతాయో పైపులో సన్నటి చోటే తేలుస్తుంది, రోడ్డుకూ అంతే.

కొలిచే పద్ధతి: ప్రాజెక్టు గేటు నుంచి మొదటి పెద్ద కూడలి దాకా ప్రతి 100 మీటర్లకు ఒకసారి టేపు పరచండి. మూడు కొలతలు రాయండి. ఒకటి, గోడ నుంచి గోడకు. రెండు, తారు వెడల్పు. మూడు, పార్కింగు, బండ్లు, స్తంభాలు పోగా వాహనాలకు నిజంగా మిగిలేది. టేపు కనిపించేలా ఫొటో తీయండి. ఆదివారం తెల్లవారుజామున కొలిస్తే ప్రమాదం తక్కువ. మూడో కొలతకు మాత్రం రద్దీ వేళ వెళ్లాలి. అప్పుడు ఒకరు ట్రాఫిక్ వైపు చూస్తూ నిలబడాలి. ఇందులో మొహమాటం వద్దు.

వర్షం పడిన రోజు అదే దారిలో ఇంకో చుట్టు వేయండి. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర నీళ్లు నిలిస్తే ఎన్ని కాలనీల వాళ్లు చుట్టు తిరిగి పోవాల్సి వస్తుందో అటువైపు ఉండేవాళ్లకు తెలుసు. మీ దారిలో అలాంటి చోటు ఉంటే ఆ ఫొటో మీ ఫైలులో మొదటి పేజీగా పెట్టండి.

4. గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టండి

కొత్త ప్రాజెక్టు నుంచి ఎన్ని బండ్లు వస్తాయో బిల్డరు పెట్టుకున్న కన్సల్టెంటు ట్రాఫిక్ నివేదికలో ఒక అంకె రాస్తాడు. అది సరైనదో కాదో తేల్చడానికి దగ్గర్లో ఇప్పటికే జనం ఉంటున్న అలాంటి గేటెడ్ కమ్యూనిటీయే మంచి దారి. వాళ్ల అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకుని, గేటు బయట ఇద్దరు నిలబడండి. మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు, ఉదయం 8 నుంచి 10 వరకు. ప్రతి 15 నిమిషాలకూ కొత్త గీత కొట్టి కార్లు, బైకులు, ఆటోలు-క్యాబులు, స్కూలు బస్సులు, డెలివరీ బండ్లు, నడిచి వెళ్లేవాళ్లు అని విడివిడిగా రాయండి.

లెక్క ఇలా ఉంటుంది. 310 ఫ్లాట్లున్న చోట ఒక గంటలో 96 కార్లు, 88 బైకులు బయటికొచ్చాయనుకుందాం. మొత్తం 184. ఫ్లాటుకు దాదాపు 0.6. వచ్చే ప్రాజెక్టులో 1,400 ఫ్లాట్లుంటే గంటకు 840 బండ్లు, అంటే సుమారు ప్రతి నాలుగు సెకన్లకు ఒకటి. వాటిలో కార్లే 430 దాటతాయి. కారుకు 6 మీటర్ల చొప్పున వరసగా నిలబెడితే రెండున్నర కిలోమీటర్ల పైమాట. ఈ ఒక్క పేరా అధికారి ముందు పెడితే ఆయన తల పైకెత్తి చూస్తారు. ఇది ఉదాహరణ మాత్రమే, మీ అంకెలు మీరే తీయండి.

పొరపాట్లు ఇక్కడే ఎక్కువ జరుగుతాయి:

- దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో లెక్కపెట్టడం. స్కూళ్లు లేని రోజు లెక్క పనికిరాదు.
- శుక్రవారం, సోమవారం తీసుకోవడం. ఐటీ వైపు ఆ రోజుల్లో ఇంటి నుంచే పనిచేసేవాళ్లు ఎక్కువ.
- లోపలికి వచ్చేవాళ్లను వదిలేయడం. పనమ్మాయిలు, వంటమనుషులు, డ్రైవర్లు, సెక్యూరిటీ వాళ్లు పొద్దున్నే వస్తారు. వాళ్లలో ఎక్కువమంది బస్సులో, షేర్ ఆటోలో, నడిచి వచ్చేవాళ్లే. నేను చూసిన రెండు నివేదికల్లోనూ వాళ్లు లేనేలేరు. 1,400 ఫ్లాట్లంటే రోజూ వందలమంది పనివాళ్లు ఆ రోడ్డు పక్కన నడవాలి. ఈ అంకె తప్పకుండా తీయండి.
- ఒక్క రోజుతో ఆపేయడం. రెండు వేర్వేరు వారాల్లో చేస్తే ఎవరూ కొట్టిపారేయలేరు.

సాయంత్రం 6 నుంచి 8 మధ్య ఇంకో చిన్న పని. గేటు బూమ్ (బండిని ఆపే అడ్డకర్ర) దగ్గర ఒక్కో కారు లోపలికి పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో 30 కార్లకు రాయండి. సగటున 8 సెకన్లయితే ఆ దారిలో గంటకు 450 కార్లకు మించి వెళ్లలేవు. మిగతావి రోడ్డు మీదే నిలబడతాయి. రోడ్డు మీద జామ్ చాలాసార్లు గేటు దగ్గర మొదలవుతుంది.

5. బస్టాపు దాకా నడిచి చూడండి

బ్రోషర్‌లో "మెట్రో స్టేషన్‌కు 10 నిమిషాలు" అని ఉంటుంది. అది ఏ వేళ 10 నిమిషాలో ఉండదు. మీరు ప్రాజెక్టు గేటు నుంచి బస్టాపు దాకా, ఆ పెద్దావిడను వెంటబెట్టుకుని నడవండి. మీ ఒక్కరి అడుగులతో కొలిస్తే ఇబ్బందులు కనబడవు. ఆవిడ ఎక్కడ ఆగిందో, ఎక్కడ రోడ్డు మీదికి దిగాల్సొచ్చిందో, ఎక్కడ మీ చెయ్యి పట్టుకుందో, అక్కడ ఒక ఫొటో, ఒక వాక్యం.

చూడాల్సినవి: ఫుట్‌పాత్ ఉందా, ఉంటే అడ్డం లేకుండా 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు ఉందా. ఇది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో చెప్పిన కనీస వెడల్పు. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని కూడా అందులోనే ఉంది. మనదగ్గర మోకాలెత్తు గట్టు కట్టి, జనం కింద నడుస్తున్నారని విసుక్కుంటారు. రాత్రి 9 గంటలకు ఒకసారి వెళ్లి ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయో రాయండి. రోడ్డు దాటడానికి ఎంతసేపు ఆగాల్సొచ్చిందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి.

జాగ్రత్త: మ్యాపులో సూటిగా గీసిన దూరం రాయకండి. నడక దూరం రాయండి. పది ఎకరాల ప్రహరీ ఒకటి అడ్డొస్తే 300 మీటర్ల దూరం కిలోమీటరవుతుంది.

6. బస్సు, రైలు నిజంగా వస్తున్నాయా

బస్టాపులో ఉదయం 7.30 నుంచి 9.30 వరకు ఒకరిని కూర్చోబెట్టండి. వచ్చిన ప్రతి బస్సు నంబరు, టైము, ఆగిందా లేదా, ఎక్కడానికి చోటుందా. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక సిటీ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణం బాగా పెరిగింది. కాబట్టి బస్టాపులో ఉన్న అక్కలనే అడగండి, "ఎంతసేపు నుంచి ఉన్నారు? ఎన్ని బస్సులు వదిలేశారు?" అని. మా దగ్గర ఒకావిడ "మూడు పోయినయ్ సార్, నాలుగోది ఎక్కకుంటే మేడం ఊకోదు" అంది. ఆ మాట పేరు లేకుండా అలాగే ఉత్తరంలో పెట్టాం. ఆర్టీసీ గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు గానీ, లెక్కకు యాప్ మీద ఆధారపడకండి.

మెట్రో విషయంలో నిక్కచ్చిగా ఉండండి. 2017 నవంబరులో మొదలైన మొదటి దశ 69 కిలోమీటర్లు. మియాపూర్–ఎల్బీనగర్, జేబీఎస్–ఎంజీబీఎస్, నాగోల్–రాయదుర్గం. పడమట అది రాయదుర్గంలో ఆగిపోతుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు దాని అవతలే ఉన్నాయి. నివేదికలో "ప్రతిపాదిత మెట్రో" అని గీత గీసి, దాన్ని చూపి కార్ల సంఖ్య తగ్గించి ఉంటే గట్టిగా ప్రశ్నించండి. ఇంకా పట్టాలు పడని రైలులో ఎవరూ ఆఫీసుకు పోలేరు. ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ దగ్గరుంటే టైంటేబుల్ తీసి, ఉదయం రెండు గంటల్లో ఎన్ని రైళ్లున్నాయో రాయండి.

సైకిల్ గురించి కూడా ఇదే మాట. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. బాగుంది, నేనూ తొక్కాను. అయితే మీ గేటు నుంచి ఆ ట్రాక్ దాకా, ట్రాక్ నుంచి ఆఫీసు దాకా భద్రంగా వెళ్లే దారి ఉంటేనే అది రవాణా కింద లెక్క.

7. వాళ్ల నివేదికలో ఇవి వెతకండి

మొత్తం చదవక్కర్లేదు. ఐదు చోట్ల వేలు పెట్టండి.

సర్వే తేదీ ఏది? సెలవు రోజా? లెక్క ఎక్కడ నిలబడి పెట్టారు, మీ ఇరుకు దగ్గరా, రెండు కిలోమీటర్ల అవతల ఔటర్ సర్వీస్ రోడ్డు మీదా? రోడ్డు వెడల్పు ఇప్పుడున్నది రాశారా, మాస్టర్ ప్లాన్‌ది రాశారా? చుట్టుపక్కల కడుతున్న మిగతా ప్రాజెక్టులను కలిపారా? ఫ్లాటుకు ఎన్ని బండ్లు అనుకున్నారు, మీ గేటు లెక్కతో ఎంత తేడా?

చుట్టుపక్కల ప్రాజెక్టుల ప్రశ్నే మీ చేతిలో ఉన్న బలమైన ఆయుధం. కేంద్ర పర్యావరణ శాఖ భవన ప్రాజెక్టులకు రూపొందించిన ప్రామాణిక షరతుల్లో ఒకటి ఇలా చెప్తుంది: ప్రాజెక్టు చుట్టూ 5 కిలోమీటర్ల పరిధిలో రోడ్ల ప్రస్తుత సేవా స్థాయి (బండ్లు ఎంత సాఫీగా కదులుతున్నాయన్న కొలత) తగ్గకుండా, మెరుగయ్యేలా ట్రాఫిక్ ప్రణాళిక ఉండాలి. ఆ పరిధిలో ఇతరులు కట్టేవి, కట్టబోయేవి అన్నీ కలిపి లెక్కవేయాలి. దాన్ని సంబంధిత ప్రభుత్వ శాఖలు ధ్రువీకరించాలి. చాలా నివేదికలు తమ ప్రాజెక్టు ఒక్కటే ఆ ప్రాంతంలో వస్తున్నట్టు రాస్తాయి. మీరు రెరా సైట్ తెరిచి, ఆ 5 కిలోమీటర్లలో నమోదైన ప్రాజెక్టులన్నిటి ఫ్లాట్ల సంఖ్య ఒక పట్టికగా రాసి జతచేయండి. ఒక సాయంత్రం పని. దీనికి సమాధానం చెప్పడం వాళ్లకు కష్టం.

ఈవీ చార్జింగ్ పాయింట్లు పెడుతున్నాం కాబట్టి రవాణా పర్యావరణహితం అని రాస్తే అక్కడే ఆగిపోకండి. పొగ తగ్గుతుంది, అది నిజం. రోడ్డు మీద మాత్రం కరెంటు కారుకూ పెట్రోలు కారుకూ ఒకే 6 మీటర్లు కావాలి.

8. ఏం కావాలో స్పష్టంగా అడగండి

"ప్రాజెక్టు రద్దు చేయాలి" అని రాస్తే ఫైలు పక్కన పెట్టడం తేలిక. షరతుగా రాయడానికి వీలైనవి అడగండి. మేం అడిగినవాటిలో పనికొచ్చినవి ఇవి:

- గేటు కూడలికి దూరంగా జరపాలి. బూమ్ బ్యారియర్ రోడ్డు అంచున కాకుండా లోపల ఉండాలి, కనీసం పది కార్లు నిలిచేంత, అంటే 60 మీటర్ల దారి ప్రహరీ లోపలే ఉండాలి.
- బస్ బే (బస్సు రోడ్డు పక్కకు జరిగి ఆగే చోటు), షెల్టరు తమ స్థలంలోంచే ఇవ్వాలి.
- గేటు నుంచి బస్టాపు దాకా ఫుట్‌పాత్ తమ ఖర్చుతో వేయాలి. ప్రహరీ ముందు మాత్రమే వేస్తే చాలదు.
- స్థలం పెద్దదైతే ఒక అంచున ఊరివాళ్లు నడిచి, సైకిల్ మీద దాటడానికి దారి వదలాలి.
- మెట్రో లేదా ఎంఎంటీఎస్ స్టేషన్‌కు షటిల్ బస్సు. ఇది అమ్మకపు ఒప్పందంలోనూ రాయించాలి. లేకపోతే మెయింటెనెన్స్ అసోసియేషన్‌కు అప్పజెప్పిన నెలలోనే ఆగిపోతుంది.
- స్కూలు బస్సులు ప్రహరీ లోపల ఆగాలి. సైకిళ్ల స్టాండు నేల మీద ఉండాలి. రెండో సెల్లారులో పెడితే ఎవరూ సైకిల్ తీయరు.
- కట్టే మూడు నాలుగేళ్లూ మట్టి లారీలు, రెడీమిక్స్ బండ్లు స్కూలు వేళల్లో తిరగకూడదు.

ఏదో ఒక్కటే అడిగే వీలుంటే నేను ఫుట్‌పాత్, బస్ బే అడుగుతాను. రోడ్డు వెడల్పు చేయమని అందరూ అడుగుతారు. వెడల్పయిన రోడ్డు కొన్నాళ్లకే నిండిపోవడం మన నగరంలో చూస్తూనే ఉన్నాం.

9. ఉత్తరం ఇలా

రెండు పేజీలు చాలు, మిగతావి అనుబంధాలు. మొదటి పేరా ఈ తీరులో ఉండాలి:

"అయ్యా, ...... గ్రామం, సర్వే నంబరు ......లో ...... ఫ్లాట్ల నివాస సముదాయానికి వచ్చిన దరఖాస్తుపై మా అభ్యంతరాలు సమర్పిస్తున్నాం. ప్రాజెక్టు గేటు నుంచి ...... కూడలి వరకు ...... మీటర్ల దారిలో మేం ...... చోట్ల కొలిచాం. అతి తక్కువ వెడల్పు ...... అడుగులు. నివేదికలో ఇది ...... అడుగులుగా ఉంది. సమీపంలోని ...... ఫ్లాట్ల సముదాయం వద్ద ...... తేదీన మేం పెట్టిన లెక్క ప్రకారం రద్దీ గంటలో ఫ్లాటుకు ...... వాహనాలు బయటికొస్తున్నాయి. కొలతలు, ఫొటోలు జతచేశాం. ఈ కింది షరతులు విధించాలని కోరుతున్నాం."

ఒకే ఉత్తరం మీద 300 సంతకాలు పెడితే అది ఒక్క ఉత్తరమే. పన్నెండు మంది ఎవరికివారు తమ అనుభవం రాసి ఇస్తే పన్నెండు. స్కూలుకు పంపే తల్లి ఒకటి, బస్సులో వచ్చే పనామె చెప్తే మీరు రాసిపెట్టినది ఒకటి, అంబులెన్సు ఇరుక్కున్న ఇంటివాళ్లు ఒకటి.

10. ఎవరికి ఇవ్వాలి

అన్నీ ఒకే ఆఫీసులో ఇచ్చి కూర్చుంటే "ఇది మా పరిధి కాదు" అంటారు. భవన అనుమతి సంగతి మున్సిపల్ కార్పొరేషన్ లేదా హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ప్లానింగ్ విభాగానికి. శివార్లలో హద్దులు ఈమధ్య మారాయి కాబట్టి ముందు ఎవరి పరిధో తేల్చుకోండి. పర్యావరణ షరతులు రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు, దాని నిపుణుల కమిటీకి. యూ-టర్న్, డివైడరు, సిగ్నల్ ట్రాఫిక్ డీసీపీకి. బస్సులు ఆ దారి తిరిగే డిపో మేనేజరుకు. రెరాకు ట్రాఫిక్ ఫిర్యాదు చేయకండి, అది కొనుగోలుదారుల ఫిర్యాదులు వినే చోటు.

ఈమెయిల్ పంపి ఊరుకోవద్దు. చేతికిచ్చి, మీ కాపీ మీద ఇన్‌వార్డు నంబరు, స్టాంపు, తేదీ వేయించుకోండి. "రేపు రండి" అంటే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే నంబరు వెంటనే వస్తుంది. పర్యావరణ కమిటీ పూర్తి పత్రాలు అందిన 60 రోజుల్లో పరిశీలన ముగించాలి, మీ ఉత్తరం అంతకు ముందే చేరాలి.

అప్పటికే అనుమతి వచ్చేసి ఉంటే

పర్యావరణ అనుమతి మీద 30 రోజుల్లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు అనుమతిస్తారు, ఆపైన తలుపు మూసుకుంటుంది. ఇక్కడ మాత్రం లాయరు కావాలి. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో బిల్డరు రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, దాన్ని కత్తిరించి దాచుకోండి.

అదీ దాటిపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇళ్లలో చేరడానికి ఇచ్చే పత్రం) మిగిలి ఉంటుంది. అది వచ్చేదాకా నిర్మాణంలో పది శాతం మున్సిపాలిటీ పేర తనఖాలో ఉంటుంది. షరతుల్లో ఏది పూర్తి కాలేదో ఫొటోలతో అప్పుడు ఇవ్వండి. మీరు అందులో ఫ్లాట్ కొనబోయేవారైతే మూడు, ఐదు, ఆరు మెట్లు అడ్వాన్సు కట్టకముందే చేయండి. మంగళవారం ఉదయం 9కి సైట్ నుంచి మీ ఆఫీసుకు ఒకసారి బస్సులో, ఒకసారి బండి మీద వెళ్లి చూడండి.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది

"పరిశీలిస్తాం" అన్న మాటను ఫలితంగా లెక్కపెట్టకండి. కమిటీ మినిట్స్ తెరిచి మీ అభ్యంతరం ప్రస్తావన ఉందా చూడండి. అనుమతి పత్రంలో మీరు అడిగిన షరతు అంకెతో సహా ఉందా చూడండి. "తగిన ఫుట్‌పాత్" అని ఉంటే అది షరతు కాదు. "బస్టాపు వరకు 1.8 మీటర్లు" అని ఉంటే షరతు. సవరించిన సైట్ ప్లానులో గేటు ఎక్కడుందో స్కేలు పెట్టి కొలవండి.

తర్వాత బిల్డరు ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలుపై ఆరు నెలల నివేదిక సమర్పించాలి. అందులో ఫుట్‌పాత్ "పూర్తయింది" అని రాసి, నేల మీద లేకపోతే అదే వారం ఫొటోతో రాయండి.

నోటుబుక్కు పారేయకండి. జనం చేరిన ఏడాదికి, మళ్లీ ఒక మంగళవారం, అదే వేళకు కొత్త గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టండి. కన్సల్టెంటు చెప్పిన అంకె ఒక పక్క, మీకు వచ్చిన అంకె ఇంకో పక్క రాసి తేదీ వేయండి. ఆ రోడ్డు మీద తర్వాతి ప్రాజెక్టు ఫైలు కదిలినప్పుడు మీరిచ్చే ఉత్తరానికి అదే మొదటి అనుబంధం.